‘మాటలొచ్చాయా?’ ఒక్కటే కాదు, ఇంకా చాలా చూడాలి: మా బాబు థెరపీలో నా అనుభవం

మా బాబుకి ఆటిజం ఉందని తెలిసి బిహేవియర్ థెరపీ మొదలుపెట్టినప్పటి నుంచి చుట్టాలు, పక్క ఫ్లాటు వాళ్లు, ఆఫీసులో వాళ్లు అందరూ అడిగేది ఒక్కటే. మాటలొచ్చాయా? ఇంకా సరిగా రాలేదంటే వాళ్ల మొహం చిన్నబోతుంది, పాపం ఇంత డబ్బు పోసి ఇంత తిరిగి ఏం లాభం అన్నట్టు చూస్తారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. పిల్లలు ఎదుగుతున్నారంటే నడక, మాట, బడి, మార్కులు, మనకి తెలిసినవి ఇవే కదా. కానీ కొత్తగా థెరపీలో చేరిన పిల్లల అమ్మానాన్నలు సెంటర్ బయట కుర్చీల్లో కూర్చుని ఇదే ప్రశ్నతో కుమిలిపోవడం రోజూ చూస్తున్నాను. అందుకే మా ఇంట్లో మార్పు ఎక్కడెక్కడ కనిపించిందో, దాన్ని గుర్తుపట్టడం మాకు ఎలా అలవాటైందో కాస్త వివరంగా రాస్తున్నాను.

మేం ఉండేది కూకట్‌పల్లిలో. బాబుకి ఇప్పుడు ఏడేళ్లు. మూడేళ్లప్పుడు పిలిస్తే పలకడం లేదని, వేలితో ఏదీ చూపించడం లేదని పిల్లల డాక్టరుకి చూపిస్తే, ఆయన బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్‌ఐఈపీఐడీకి వెళ్లమన్నారు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో ఎన్‌ఐఎంహెచ్ పేరుతో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. ఆటిజం ఏ స్థాయిలో ఉందో చూసి సర్టిఫికెట్ ఇవ్వడానికి దేశంలో వాడే ఐసా స్కేలు తయారైంది అక్కడే, అంటే మన ఊళ్లోనే. అందులో 40 అంశాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కు. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 అయితే తక్కువ స్థాయి, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. మా వాడు మధ్యస్థంలో ఉన్నాడు.

కొన్నేళ్ల థెరపీ తర్వాత మళ్లీ వేయిస్తే అంకె కొంచెం తగ్గింది, కానీ ఇంకా మధ్యస్థమే. మా ఆయన ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టి ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. నాకైతే మనసు ఒప్పలేదు. ఇంట్లో నేను చూస్తున్న పిల్లాడు వేరు, ఆ కాగితంలో ఉన్న పిల్లాడు వేరు. తర్వాత మా థెరపిస్టు మేడమ్ ఆ స్కేలు ఎలా పనిచేస్తుందో చెప్పింది. ఒక ప్రవర్తన మొత్తం సమయంలో 20 శాతం లోపు కనిపిస్తే 1, 21 నుంచి 40 శాతం అయితే 2, 41 నుంచి 60 అయితే 3, ఇలా పైకి వెళ్తుంది. అంటే 60 శాతం ఉన్నది 45కి తగ్గినా మార్కు అదే 3. ఇంట్లో దాంతో రోజూ వేగేవాళ్లకి ఆ తేడాతో ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, కాగితం మీద మాత్రం గీత కదలదు. ఆ స్కేలు తప్పని కాదు, అది కావాలి. వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుకి కావాలి, నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ ఇన్సూరెన్సుకి వైకల్య సర్టిఫికెట్ కావాలి, ఏడాదికి లక్ష వరకు ఇచ్చే ఆ పాలసీలో థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుంది, తీసుకోని వాళ్లు తప్పకుండా తీసుకోండి. కానీ నెలనెలా వచ్చే చిన్న చిన్న మార్పులు పట్టుకోవడానికి తయారు చేసింది కాదది.

మరి చిన్న మార్పు దేంతో పట్టుకోవాలి? మాకు మేడమ్ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టమంది. అందులో ఏదైనా జరిగినప్పుడు మూడు గడులు నింపాలి: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. బిహేవియర్ థెరపీ చేసేవాళ్లంతా ఏబీసీ అంటారు దీన్ని. మేం దానికి నాలుగో గడి కలిపాం, ఎంత సాయం కావాల్సి వచ్చింది అని. దానికి పొట్టి గుర్తులు పెట్టుకున్నాం. చెయ్యి పట్టుకుని చేయిస్తే ‘చె’, సైగ చేస్తే చాలంటే ‘సై’, నోటితో చెప్తే చేస్తే ‘మా’, ఏమీ చెప్పకుండా చేస్తే ‘సొం’. పొద్దున హడావుడిలో ఇంతకన్నా ఎక్కువ రాయలేం, రాయక్కర్లేదు కూడా.

పళ్లు తోముకోవడం తీసుకోండి. ‘మీ బాబు తనే బ్రష్ చేసుకుంటాడా’ అంటే చాలాకాలం జవాబు ‘లేదు’. కానీ ఆ ఒక్క పనిలో బ్రష్ తీయడం, పేస్టు మూత తిప్పడం, పేస్టు పెట్టుకోవడం, కింది పళ్లు, పై పళ్లు, ఉమ్మడం, పుక్కిలించడం, బ్రష్ కడిగి స్టాండులో పెట్టడం, ఇన్ని ముక్కలున్నాయి. మొదట్లో అన్నిటికీ ‘చె’. నేను వాడి వెనక నిలబడి వాడి చేతి మీద నా చెయ్యి వేసి తోమించేదాన్ని. కొన్ని వారాలకి నా చెయ్యి వాడి మణికట్టు దగ్గరికి జరిగింది, తర్వాత మోచేతి దగ్గరికి, ఆ తర్వాత భుజం మీద ఊరికే ఆనించి ఉంచేదాన్ని. ఒక దశలో చెయ్యి తీసేసి పక్కన నిలబడ్డాను, ఇప్పుడు బాత్రూమ్ గుమ్మం దగ్గర టవల్ పట్టుకుని నిలబడుతున్నాను. ఉమ్మడం అన్నిటికన్నా ముందు ‘సొం’ అయింది, ఎందుకంటే ఆ నీళ్లు సింకులో పడే చప్పుడు వాడికి భలే ఇష్టం. పేస్టు మూత మాత్రం ఇప్పటికీ ‘చె’, వేళ్లలో బలం తక్కువ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) మేడమ్ దాని మీద వేరే పని చేయిస్తోంది. ఇప్పుడు కూడా ఎవరైనా బ్రష్ చేసుకుంటాడా అంటే ఖచ్చితంగా అవునని చెప్పలేను. కానీ వాడి వెనక నిలబడిన మనిషి గుమ్మం దాకా వచ్చేసింది. దీన్ని మార్పు అనకపోతే ఇంక దేన్ని అంటాం?

ఇంకో విషయం మా ఇంట్లో పెద్ద గొడవే తెచ్చింది. బాబు కొరికేవాడు. నా ముంజేతి మీద ఆ గుర్తులు దాచడానికి మే నెల ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకుని ఆఫీసు వీడియో కాల్స్‌లో కూర్చునేదాన్ని. కొన్నాళ్లు నోట్‌బుక్ నింపాక చూస్తే, కొరికిన ప్రతిసారీ ‘ముందు ఏం జరిగింది’ అన్న గడిలో ఉన్నది ఇంచుమించు ఒకే రకం: వద్దన్నది కంచంలో పెట్టాం, కూర్చోబెట్టి బ్లాకులు పేర్చమన్నాం, చొక్కా మార్చబోయాం. తప్పించుకోవడానికి వాడి దగ్గర ఉన్న దారి అదొక్కటే. సరే, ఇంకో దారి ఇద్దాం అంది మేడమ్. అరచెయ్యి చాపి ముందుకు తోసి ‘వద్దు’ అని చూపించడం నేర్పింది. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదట. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఇలాంటి పిల్లలతోనే చేసి చూపించారు. పని కష్టమై అల్లరి చేసే పిల్లలకి ‘నాకు అర్థం కాలేదు’ అని చెప్పి సాయం అడగడం నేర్పితే ఆ అల్లరి తగ్గిపోయింది. అల్లరి చేసేది ఏదో ఒకటి చెప్పడానికే కాబట్టి, చెప్పే వేరే పద్ధతి చేతికిస్తే అల్లరితో వాడికి అవసరం ఉండదు.

కరీంనగర్ నుంచి మా అత్తమ్మ వచ్చినప్పుడు సరిగ్గా ఇదే నడుస్తోంది. పొద్దున ఇడ్లీకి ‘వద్దు’, స్నానానికి ‘వద్దు’, సాక్సుకి ‘వద్దు’. “ఏంది బిడ్డా, లేసిన కాడి నుంచి వద్దు వద్దు అంటున్నడు, గింత పైసలు పెట్టి గిదా నేర్పిచ్చేది?” అని ఆమె నిజంగా బాధపడింది. నేను గాజులు పైకి జరిపి చెయ్యి చూపించాను. “అత్తమ్మా, ఈ నెలలో కొత్త గాటు ఒక్కటైనా ఉందా చూడండి” అన్నాను. ఆమె చెయ్యి తిప్పి తిప్పి చూసింది. తర్వాత ఇడ్లీ వద్దంటే ఆమే కంచం పక్కకు తీసి అటుకులు పెట్టడం మొదలుపెట్టింది.

మొదట్లో వాడు అడిగిన ప్రతి ‘వద్దు’నీ వీలైనంత వరకు మన్నించమంది మేడమ్, లేకపోతే అది పనిచేయదని వాడికి అర్థమై మళ్లీ పళ్లకే పని చెప్తాడు. మందులు, రోడ్డు దాటడం లాంటివి మాత్రం వేరు. అది బాగా కుదిరాకే ‘ఇంకొక్క ముద్ద, తర్వాత వద్దు’ అని కొంచెం కొంచెం ఆగడం నేర్పాం. మొండితనంలా కనిపించే ఆ ‘వద్దు’, మా ఇంట్లో థెరపీ ఇచ్చిన మొదటి పెద్ద కానుక అని నేను ఎక్కడైనా చెప్తాను.

బోనాల సంగతి చెప్తాను. మా వీధిలోంచి ఏటా ఆషాఢంలో ఊరేగింపు వెళ్తుంది, తీన్మార్ డప్పులు, పోతరాజు, వెనక తొట్టెలు. మిగతా పిల్లలు బాల్కనీలోంచి వేలాడుతూ చూస్తుంటే మా వాడు నేల మీద పడి తల కొట్టుకునేవాడు. గంట పైనే ఏడ్చి, ఏడ్చి నిద్రపోయి, మర్నాటి దాకా తిండి ముట్టేవాడు కాదు. ఈ ఏడాది మొదటి డప్పు దెబ్బకి చెవులు మూసుకుని కేక పెట్టాడు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి వాడు ఏడుస్తూనే బెడ్‌రూమ్ అల్మరా కింది అర లాగి, అందులోంచి నీలం రంగు హెడ్‌ఫోన్స్ తీసి, పట్టీ సరిచేయడం రాక నా చేతికిచ్చాడు. పెట్టగానే మంచం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఊగుతూ ఉన్నాడు. ఊరేగింపు మలుపు తిరిగి చప్పుడు తగ్గిన కాసేపటికి, పావుగంట కూడా అయ్యుండదు, లేచి వంటింట్లోకి వచ్చి మాటల బదులు అడగడానికి వాడికిచ్చిన బొమ్మల కార్డుల్లోంచి పెరుగన్నం కార్డు తెచ్చి చూపించాడు.

ఆ రోజు ఇంటికొచ్చిన బంధువు ఒకావిడ “ఇప్పటికీ డప్పులంటే ఏడుస్తాడా?” అని అడిగింది. అవును, ఏడుస్తాడు. ఆ చప్పుడు వాడి చెవికి నొప్పి, అది థెరపీతో పోవాల్సిన అవసరం కూడా లేదు. కానీ ఏడుపు ఉందా లేదా అన్న దగ్గరే ఆగిపోతే, తల కొట్టుకోలేదన్నది కనబడదు. హెడ్‌ఫోన్స్ ఎక్కడున్నాయో గుర్తు తెచ్చుకుని తనే తీశాడన్నది, నా దగ్గరికి సాయానికి వచ్చాడన్నది, తేరుకోవడానికి పట్టే టైము ఇంతలా తగ్గిందన్నది, ఆ వెంటనే ఆకలేసి అన్నం అడిగాడన్నది, ఏదీ కనబడదు. నేను ఆ రాత్రి ఒక పేజీ నిండా రాశాను.

ఎప్పుడూ ముందుకే పోతుందని అనుకోవద్దు. ఫోన్ కోసం అరిచేవాడు, అరిస్తే ఇచ్చేవాళ్లం, అది ఆపి కార్డు చూపిస్తేనే ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అరుపులు తగ్గాల్సింది పోయి రెట్టింపయ్యాయి, వస్తువులు విసరడం కూడా మొదలైంది. ఇలా అవుతుందని మేడమ్ ముందే చెప్పింది కాబట్టి తట్టుకున్నాం, కింది ఫ్లాటు వాళ్లకి కూడా ముందే చెప్పి ఉంచాం. ఇంతకుముందు పనిచేసిన దారి మూసుకుపోతే పిల్లలు కొన్నాళ్లు అదే దారిని ఇంకా గట్టిగా తడతారు. మధ్యలో ఒకరోజు విసుగొచ్చి ఫోన్ చేతిలో పెట్టామా, ఇంత గట్టిగా అరిస్తే వస్తుందని నేర్పినట్టే. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండి నిలబడితే అది తగ్గుతుంది, మాకు తగ్గింది. ఇది కాక ఇంకోరకం వెనక్కి పోవడం ఉంది, పైకి ఏ కారణమూ కనిపించకుండా, బాగున్న పిల్లాడు ఒక్కసారిగా చెంపలు కొట్టుకోవడం లాంటిది. అప్పుడు నోట్‌బుక్ పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చెవి నొప్పి, పంటి నొప్పి, మలబద్ధకం, నిద్ర లేకపోవడం, ఇవి చెప్పుకోలేని పిల్లలు ఒంటితోనే చెప్తారు. మా వాడికి అది చెవిలో ఇన్‌ఫెక్షన్. మందులు వాడాక చెంపలు కొట్టుకోవడం ఆగిపోయింది.

మేం మొదట చేరిన సెంటర్ గురించి కూడా చెప్పాలి, పేరు వద్దు. అక్కడ ప్రతి వారం రిపోర్టులో 80 శాతం, 90 శాతం అని ఉండేది. ఎర్ర క్యూబు ఎర్ర గిన్నెలో వేయడం 90, ‘లుక్ ఎట్ మీ’ అంటే కళ్లలోకి చూడటం 80. ఇంటికొస్తే ఏమీ లేదు. అడిగితే గంటలు పెంచమనేవారు, వారానికి 40 గంటలు చేస్తే సగం మంది పిల్లలు మామూలైపోతారని చెప్పేవారు. ఆ మాట ఎక్కడిదా అని నేను చదివాను. 1987లో లాస్ ఏంజెలిస్‌లో ఐవార్ లోవాస్ అనే సైకాలజిస్టు ప్రచురించిన అధ్యయనం అది. వారానికి 40 గంటల థెరపీ ఇచ్చిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు క్లాసులో నెట్టుకురాగలిగారని రాశారు. అయితే 40 గంటల గ్రూపులో ఎవరిని, పోల్చి చూడటానికి పెట్టిన గ్రూపులో ఎవరిని ఉంచాలన్నది లాటరీ వేసినట్టు తేల్చలేదు కాబట్టి తేడా అంతా థెరపీ వల్లేనని గట్టిగా చెప్పలేం, పైగా గద్దించడం, తొడ మీద కొట్టడం కూడా ఆ పద్ధతిలో భాగంగా ఉండేవి. పంతొమ్మిది మంది పిల్లల లెక్క చూపించి ఇక్కడ నా బిడ్డని వారానికి 40 గంటలు కుర్చీలో కూర్చోబెడతామంటే నేను ఒప్పుకోలేను. ఆటిజం ఉన్న పెద్దవాళ్లు తమ చిన్నతనంలో బలవంతంగా కళ్లలోకి చూడమనడం, చేతులు ఊపనివ్వకపోవడం ఎంత నరకంగా ఉండేదో ఇప్పుడు రాస్తున్నారు, థెరపీకి పంపే ప్రతి తల్లీ తండ్రీ అవి చదవాలి.

సెంటర్ మార్చాం. ఇప్పటి మేడమ్ మొదటి రోజే కళ్లలోకి చూడటం అనే గోల్ కొట్టేసింది. “వాడు వినడానికి నా వైపు చూడక్కర్లేదమ్మా, విన్నాడా లేదా చూద్దాం” అంది. క్యూబుల బదులు, ఇంట్లో మీకు రోజులో ఎక్కడ కష్టంగా ఉంది, వాడికి ఎక్కడ కష్టంగా ఉంది, ఈ రెండూ విడివిడిగా రాసి తెమ్మంది. మెదలకుండా కూర్చోవడం మాకు సుఖమే కానీ వాడికేం లాభం? ఈ ప్రశ్న అడగని చోట ఎంత శాతం వచ్చినా నమ్మొద్దని చెప్తాను.

కొత్త చోట, కొత్త మనిషి దగ్గర చేస్తేనే అది వాడిదైనట్టు అని కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాం. బొమ్మల కార్డుతో అడగడం మొదట సెంటర్లో మేడమ్ దగ్గర వచ్చింది, ఇంట్లో నా దగ్గర రావడానికి కొన్ని నెలలు పట్టింది, వాళ్ల నాన్న దగ్గర ఇంకా ఆలస్యం. ఒక సాయంత్రం ఎర్రగడ్డ రైతుబజార్‌కి వెళ్లొస్తూ మా సందు మొదట్లో కిరాణా షాపు దగ్గర ఆగాం. రెండు చేతుల్లో కూరల సంచులు, నేను పప్పు ధర అడుగుతున్నాను. బాబు మెడలో వేసుకున్న కార్డుల గుత్తిలోంచి బిస్కెట్ బొమ్మ వెతికి తీసి, నాకు కాకుండా షాపాయనకి అందించాడు. ఆయన కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి నా మొహం చూశాడు. నేను నోరు మెదపలేదు, మెదిపితే అది ‘మా’ అయిపోతుంది. ఆయనే కాసేపు ఆలోచించి పార్లే-జీ ప్యాకెట్ తీసి “ఇదేనా బాబూ?” అని వాడి చేతిలో పెట్టాడు. వాడు ప్యాకెట్ చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు చేసుకుంటూ నవ్వాడు. అక్కడ వాడికి ఎవరూ ఏమీ నేర్పలేదు. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తుంటే నాకు గొంతు పట్టేసింది, ఆయన మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఆ షాపాయనకి థాంక్స్ చెప్పొచ్చాడు. అప్పటి నుంచి ఆయన కార్డు కోసం చెయ్యి చాపుతాడు, కౌంటర్ మీదికి వంగి వాడి ఎత్తుకు వస్తాడు. మార్పు పిల్లాడిలోనే కాదు, చుట్టూ ఉన్నవాళ్లలో కూడా రావాలి, దాన్ని కూడా రాసుకుంటాం.

ఇంటి మొత్తం మీద పడిన తేడా వేరే ఉంది. ఇదివరకు పెళ్లి అంటే మా ఇద్దరిలో ఒకరే వెళ్లేవాళ్లం. మొన్న మా చిన్నాన్న కూతురి పెళ్లికి ముగ్గురం వెళ్లాం, మంత్రాలు అవుతున్నంతసేపూ వాడు ఫంక్షన్ హాలు బయట పార్కింగ్‌లో వాళ్ల నాన్నతో కార్ల చక్రాలు చూస్తూ ఉన్నాడు, భోజనాల దగ్గర మాత్రం నా పక్కనే కూర్చుని పప్పన్నం తిన్నాడు. ఫొటోలో లేడు. పెళ్లిలో ఉన్నాడు.

మొన్నటి రివ్యూలో మేడమ్ వచ్చే మూడు నెలలకి ఏం పెట్టుకుందామని అడిగింది. మా ఆయన మాటలు అన్నాడు. స్పీచ్ థెరపీ ఎలాగూ నడుస్తోంది, అది నడవనివ్వండి అని చెప్పి నేను నొప్పి ఎక్కడో చూపించడం పెట్టమన్నాను. ఆ చెవి ఇన్‌ఫెక్షన్ అప్పుడు వాడు చెంపలు కొట్టుకుంటుంటే ఎందుకో తెలియక గడిపిన రోజులు ఇంకా మర్చిపోలేదు. ఇప్పుడు బొమ్మ ఒంటి మీద, మా ఒంటి మీద, వాడి ఒంటి మీద ‘ఇక్కడ నొప్పి’ అని తాకించడం నడుస్తోంది. నిన్న ఆడుతూ పడి మోకాలు గీసుకుపోతే నా దగ్గరికొచ్చి నా చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టాడు, ఏ నొప్పికైనా ప్రస్తుతానికి కడుపే. నోట్‌బుక్‌లో ఇలా రాశాను: నొప్పి ఉందని తనంతట తనే వచ్చి చెప్పాడు, సొం. చోటు ఇంకా రాలేదు, చె.